'నాకు గోధుమ పడదు' అనేముందు

మన భాషలో 'పడదు' అనే చిన్న మాట చాలా పనులు చేస్తుంది. వంకాయ తింటే దురదలొస్తే పడదు. పాలు తాగితే కడుపు ఉబ్బరిస్తే పడదు. కొత్త ఊరి నీళ్లు పడవు. అత్తాకోడళ్లకి పడదు. అన్నిటికీ ఒకటే మాట. ఇంట్లో మాట్లాడుకోవడానికి అది చాలు. కానీ ఒంట్లో జరిగేది మాత్రం ప్రతిసారీ ఒకటే కాదు.

ఈ మధ్య హాస్టళ్లలో కొత్తగా వినబడుతున్న మాట 'నాకు గ్లూటెన్ పడదు'. మా ఫ్లోర్‌లోనే ముగ్గురున్నారు. ఒక్కరు కూడా డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. ఒకడు రీల్ చూశాడు, ఇంకొకడు ఫోన్‌లో పది ప్రశ్నల క్విజ్ చేశాడు, మూడోవాడు చాట్‌బాట్‌ని అడిగాడు. ముగ్గురూ రాత్రి మెస్‌లో చపాతీ మానేశారు. ముగ్గురూ పొద్దున ఉప్మా మాత్రం తింటున్నారు. బొంబాయి రవ్వ కూడా గోధుమే అని చెప్తే ఒకడు నమ్మలేదు.

వాళ్లని చూసి నవ్వుకోవడానికి కాదు ఇది రాస్తున్నది. వాళ్లలో ఒకరికి నిజంగానే జబ్బు ఉండొచ్చు. ఉంటే, ఇప్పుడు వాళ్లు చేస్తున్న పని వల్ల ఆ జబ్బు దొరక్కుండా పోతుంది. అదెలాగో చూద్దాం. నేను డాక్టర్‌ని కాదు, సీఎస్‌ఈ సెకండియర్. మా ఇంట్లోవాళ్లకి ఈ జబ్బు ఉండటం వల్ల చదివి తెలుసుకున్నవి చెప్తున్నాను.

గ్లూటెన్ అంటే ఏంటి?

తడిపిన గోధుమ పిండి ముద్దని కుళాయి కింద పెట్టి పిసుకుతూ కడగండి. తెల్లటి గంజి అంతా నీళ్లతో పోయి, చివరికి చేతిలో రబ్బరులా సాగే ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. లాటిన్‌లో ఆ మాటకి అర్థం జిగురు. గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే ప్రొటీన్లు నీళ్లు తగిలి అల్లుకుంటే అది తయారవుతుంది. పరోటా సాగినా, రుమాలీ రోటీ చిరగకుండా గాల్లో తిరిగినా దాని చలవే.

ఇది గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉంటుంది. గోధుమ అంటే చపాతీ ఒక్కటే కాదు. మైదా, బొంబాయి రవ్వ, సేమియా, బ్రెడ్, బిస్కెట్, నూడుల్స్, ఎగ్ పఫ్, మైసూర్ బజ్జీ అన్నీ గోధుమే. పాలలో కలుపుకునే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది. ఇంగువ డబ్బా మీద చిన్న అక్షరాలు చదివితే చాలాసార్లు గోధుమ పిండో మైదానో కనిపిస్తుంది. బియ్యం, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న, పప్పుల్లో గ్లూటెన్ ఉండదు.

మూడు రకాల 'పడదు'

మొదటిది గోధుమ అలర్జీ. ఇందులో మన రోగనిరోధక వ్యవస్థ గోధుమ ప్రొటీన్‌ని శత్రువు అనుకుని ఐజీఈ అనే యాంటీబాడీలతో వెంటనే స్పందిస్తుంది. నిమిషాల్లోనో, ఒకటి రెండు గంటల్లోనో దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వస్తాయి. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది.

రెండోది సీలియాక్ వ్యాధి. ఇది అలర్జీ కాదు, ఆటోఇమ్యూన్ జబ్బు. అంటే శరీరం తన మీద తనే దాడి చేసుకుంటుంది. చిన్నపేగు లోపలి గోడ మీద వేలల్లాంటి సన్నటి మొలకలు ఉంటాయి. మనం ఇంగ్లీష్ మీడియంలో విల్లై అని చదివినవే, తెలుగు మీడియం వాళ్లకి ఆంత్రచూషకాలు. తిన్న తిండిలోని సారాన్ని పీల్చేవి అవే. సీలియాక్ ఉన్నవాళ్లు గ్లూటెన్ తింటే ఇవి క్రమంగా అరిగిపోయి గోడ చదునైపోతుంది. దాంతో ఐరన్, కాల్షియం, విటమిన్లు ఒంటికి సరిగ్గా పట్టవు. విరేచనాలు, కడుపునొప్పి ఉండొచ్చు. అవేవీ లేకుండా రక్తహీనత, నీరసం, ఎముకలు పలచబడటం, పిల్లల్లో ఎత్తు పెరగకపోవడం మాత్రమే కూడా కనబడొచ్చు.

మూడోది సీలియాక్ కాని గ్లూటెన్ సెన్సిటివిటీ. పరీక్షల్లో పై రెండూ లేవని తేలాక కూడా గోధుమ తింటే ఇబ్బంది పడేవాళ్లు ఉన్నారు. వాళ్ల బాధ నిజమే. కానీ దీన్ని పట్టుకునే రక్తపరీక్ష ఏదీ లేదు. మొదటి రెండూ కాదని తేల్చుకున్న తర్వాతే ఈ పేరు పెట్టాలి. క్విజ్‌లు, రీల్స్ నేరుగా ఈ మూడో మెట్టు మీదికి దూకుతాయి.

ఈ తేడా తెలుసుకుంటే ఏమొస్తుంది? చాలా వస్తుంది. సీలియాక్ అయితే జీవితాంతం మానాలి, చిటికెడు కూడా తినకూడదు. అందుకే మన దేశంలో గ్లూటెన్ ఫ్రీ అని లేబుల్ వేయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉండాలని ఆహార భద్రతా నిబంధన. మూడో రకం అయితే అంత పట్టుదల అక్కర్లేదు. అలర్జీ అయితే అత్యవసర మందు దగ్గర పెట్టుకోవాల్సి రావొచ్చు.

లాగ్ ఫైల్ చెరిపేయకండి

అసలు విషయం ఇక్కడుంది. సీలియాక్‌కి మొదటి పరీక్ష రక్తంలో టీటీజీ ఐజీఏ అనే యాంటీబాడీలు చూడటం. దాంతోపాటు మొత్తం ఐజీఏ ఎంతుందో కూడా చూస్తారు, ఎందుకంటే కొంతమందిలో ఐజీఏనే తక్కువగా ఉంటుంది, అప్పుడు మొదటి పరీక్ష తప్పుగా నెగెటివ్ రావొచ్చు. పాజిటివ్ వస్తే సాధారణంగా ఎండోస్కోపీ చేసి చిన్నపేగు నుంచి చిన్న చిన్న ముక్కలు తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు.

ఈ రెండు పరీక్షలూ గ్లూటెన్ చేసిన నష్టాన్ని చూసేవే. మనం గ్లూటెన్ మానేస్తే యాంటీబాడీలు తగ్గుతాయి, పేగు మానుతుంది. ఒంటికి మంచిదే. కానీ ఆ తర్వాత పరీక్షకి వెళ్తే జబ్బు ఉన్నా నెగెటివ్ రావొచ్చు. సర్వర్ ఎందుకు క్రాష్ అవుతోందో చూడకముందే లాగ్ ఫైల్ డిలీట్ చేసినట్టు. అందుకే బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాల్లో పరీక్షకి ముందు కనీసం 6 వారాలు, రోజుకి ఒకటి కంటే ఎక్కువ పూటల్లో గ్లూటెన్ తినాలని ఉంది.

మా పిన్నిది తెనాలి. పెళ్లయ్యాక పద్దెనిమిదేళ్లుగా ఘజియాబాద్‌లో ఉంటోంది. ఐదేళ్లు ఐరన్ మాత్రలు వేసుకున్నా హిమోగ్లోబిన్ 8 దాటలేదు. అపార్ట్‌మెంట్‌లో ఎవరో చెప్తే రెండు నెలలు గోధుమ మానేసింది. కొంచెం తేలికగా అనిపించింది. 'ఇంక డాక్టర్లెందుకు, దొరికిందిగా' అంది. బాబాయి వినకుండా గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన మళ్లీ ఆరు వారాలు రోటీలు తినమన్నారు. రోజూ కడుపు పట్టుకుని తినేది. 'తెలిసి తెలిసి విషం తిన్నట్టుందే అక్కా' అని అమ్మతో ఫోన్‌లో ఏడ్చింది. పరీక్షల్లో సీలియాక్ అని తేలింది.

తేలడం వల్ల ఒరిగిందేంటి, ఎలాగూ మానేసిందిగా అనుకోవచ్చు. ఈ జబ్బు ఉన్నవాళ్ల తోబుట్టువుల్లో, పిల్లల్లో పది పదిహేనుమందికి ఒకరికి ఇది ఉండే అవకాశం ఉంది. అందుకని డాక్టర్ ఇంట్లో అందరికీ పరీక్ష రాశారు. అమ్మకి లేదు. పిన్ని కొడుక్కి లేదు. పన్నెండేళ్ల మా చెల్లికి ఉంది. దానికి ఏ రోజూ కడుపునొప్పి రాలేదు. క్లాసులో అందరికంటే పొట్టి, అంతే. 'మన వంశంలో అందరూ పొట్టివాళ్లే' అని ఊరుకున్నారు. ఇప్పుడు ఏడాదిన్నరగా గౌన్లు పొట్టివవుతున్నాయని పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా చెప్తోంది. పిన్ని డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా ఊరికే గోధుమ మానేసి ఉంటే, చెల్లి సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

అన్నం తినేవాళ్లకి రాదా?

2016లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో మన దేశంలో 23,000 మందికి పైగా పెద్దవాళ్ల రక్తం పరీక్షించారు. సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో, ఈశాన్యంలో 0.87 శాతం మందిలో, దక్షిణాదిలో 0.10 శాతం మందిలో కనిపించాయి. ఈ జబ్బుకి కావాల్సిన హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 జన్యువులు మాత్రం మూడు చోట్లా మూడో వంతు అటూ ఇటూ మందిలో ఉన్నాయి. తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది తిండిలో: రోజుకి సగటున ఉత్తరాదిలో 455 గ్రాముల గోధుమ, దక్షిణాదిలో 25 గ్రాములు. అంటే మనకి జన్యువుల రక్షణేమీ లేదు. మన పళ్లెం మారితే లెక్క కూడా మారొచ్చు.

ఇప్పుడు ప్రాబబిలిటీ క్లాసు గుర్తు తెచ్చుకుందాం. ఒక క్విజ్ అద్భుతంగా పని చేస్తుందని ఊహించుకోండి. జబ్బున్న 100 మందిలో 95 మందిని పట్టుకుంటుంది, లేని 100 మందిలో 5గురికే తప్పుగా 'ఉంది' అంటుంది. వెయ్యికి ఒకరికి జబ్బుండే చోట 10,000 మందికి ఈ క్విజ్ ఇచ్చాం. జబ్బున్న 10 మందిలో దాదాపు అందరూ దొరుకుతారు. కానీ జబ్బు లేని 9,990 మందిలో 500 మంది దాకా 'ఉంది' అనిపించుకుంటారు. అంటే 'ఉంది' వచ్చినవాళ్లలో నిజంగా ఉన్నది 2 శాతం మందికే. నిజం క్విజ్‌లు ఇంత బాగా ఉండవు. కడుపుబ్బరం ఉందా, నీరసంగా ఉంటుందా, ఏకాగ్రత కుదరడం లేదా అని అడిగితే ఇంటర్నల్స్ వారంలో మన క్లాసంతా పాజిటివే!

'నా ఒళ్లు నాకు తెలీదా?'

మానేస్తే తగ్గింది కదా, అదే రుజువు కదా అంటారు. సీలియాక్‌కి గోధుమే కారణమని కనిపెట్టిన కథ కూడా అలాంటి గమనికతోనే ముందుకెళ్లింది. నెదర్లాండ్స్‌లో విల్లెం కారెల్ డికె అనే పిల్లల డాక్టర్, 1944-45 చలికాలపు కరువులో రొట్టె దొరకనప్పుడు ఈ పిల్లలు కోలుకోవడం, రొట్టె తిరిగొచ్చాక మళ్లీ జబ్బుపడటం చూశాడు. కానీ 'నాకు తెలిసిపోయింది' అని ఆగలేదు. పిల్లలకి ఒక్కో ధాన్యం మార్చి మార్చి పెట్టి, మలంలో ఎంత కొవ్వు పోతోందో తన సహచరులతో కొలిపించి, 1950లో థీసిస్ రాశాడు. గమనిక విలువైనదే. దాన్ని పరీక్షించాడు కాబట్టే వైద్యం మారింది.

మనం చపాతీ మానేసినప్పుడు ఒక్క వేరియబుల్ మార్చడం లేదు. దాంతోపాటు పఫ్‌లు, నూడుల్స్, బిస్కెట్లు పోతాయి, టైంకి అన్నం తింటాం. ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? పైగా గోధుమలో గ్లూటెన్ ఒక్కటే లేదు. ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు కూడా ఉన్నాయి. అవే ఉల్లి, వెల్లుల్లిలో కూడా ఉంటాయి. 2018లో నార్వే పరిశోధకులు, తమకి గ్లూటెన్ పడదనుకునే 59 మందికి గ్లూటెన్, ఫ్రక్టాన్లు, రెండూ లేనివి, ఏది ఏదో చెప్పకుండా వేర్వేరు వారాల్లో ఇచ్చారు. గ్లూటెన్‌కీ, ఏమీ లేనిదానికీ తేడా రాలేదు. ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఫ్రక్టాన్లు. అలాంటివాళ్లు చపాతీ మానేసి ఉల్లి దోసె తింటే లాభం ఎంత? ఇక పాలలోని లాక్టోజ్ పడకపోవడం కూడా మన దగ్గర చాలామందికి ఉండేదే, లక్షణాలు ఇలాగే ఉంటాయి.

మరి ఏం చేయాలి?

పరీక్ష అయ్యేదాకా గోధుమ మానకండి. రెండు వారాలు ఏం తిన్నారో, ఎప్పుడు ఏమనిపించిందో నోట్స్‌లో రాసుకుని డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో ఎవరికైనా సీలియాక్, థైరాయిడ్, టైప్ 1 షుగర్ ఉంటే చెప్పండి. ఇప్పటికే మానేసి ఉంటే ఆ మాట ముందే చెప్పండి, మళ్లీ ఎంత, ఎన్నాళ్లు తినాలో ఆయన్నే అడగండి, సొంతంగా మొదలుపెట్టొద్దు. గోధుమ తిన్నాక వాపు, దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్లు మాత్రం అసలు తినకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బరువు తగ్గిపోవడం, మలంలో రక్తం, నిద్రలో లేపేసే విరేచనాలు, మాత్రలకి లొంగని రక్తహీనత ఉంటే సెమిస్టర్ అయ్యాక చూద్దాం అనుకోవద్దు. అలాగే వంద తిండి పదార్థాలకి ఐజీజీ టెస్ట్ చేస్తామని ప్యాకేజీలు అమ్ముతుంటారు. ఐజీజీ ఉందంటే ఆ తిండి మనం తింటున్నామని అర్థం, పడదని కాదు. అలర్జీ నిపుణుల సంఘాలు వాటిని వాడొద్దనే చెప్తున్నాయి.

మొదటి డాక్టర్ 'గ్యాస్ అంతే' అని పంపించేస్తే? అప్పుడు గట్టిగా కాకుండా సూటిగా అడగండి: 'సార్, టీటీజీ ఐజీఏ, టోటల్ ఐజీఏ ఒకసారి చేయించొచ్చా?' మన ప్రాంతంలో అరుదు కాబట్టి కొంతమందికి వెంటనే తట్టకపోవచ్చు. అడిగితే తప్పేం లేదు. ఒక్క రక్తపరీక్షతో మొదలయ్యే విషయం ఇది. నెగెటివ్ వస్తే మెస్ చపాతీ ఎంత గట్టిగా ఉన్నా భయపడకుండా తినొచ్చు. పాజిటివ్ వస్తే మీ ఒక్కరికే కాదు, మీ తమ్ముడికో చెల్లికో కూడా దారి దొరికినట్టే.