రెండు బ్లాకుల నడుమ సందు

మా పాఠశాలలో పాత బ్లాకుకూ కొత్త బ్లాకుకూ మధ్య వేలు పట్టేంత సందు ఉండేది. వానకు అందులోంచి నీరు కారుతోందని మేస్త్రీ చేత సిమెంటుతో పూడ్పించాం. ఆ తీర్మానం మీద నా సంతకమూ ఉంది. మరుసటి వేసవిలో సందు పక్కన పిట్టగోడ చీలింది. వానాకాలం వచ్చేసరికి నీరు మునుపటికంటే ఎక్కువే కారింది. రైలుపట్టాల మధ్య ఖాళీ ఎందుకో ఏటా పిల్లలకు చెప్పే నాకు ఆరోజు అది తట్టలేదు.

ఆ సందు పేరు ఎక్స్‌పాన్షన్ జాయింట్. ఒక డిగ్రీ వేడి పెరిగితే మీటరు కాంక్రీటు సుమారు మిల్లీమీటరులో నూరోవంతు సాగుతుంది. 45 మీటర్ల భవనం 30 డిగ్రీల తేడాకు ఎంత సాగుతుందో లెక్కవేయండి: 13.5 మిల్లీమీటర్లు. 45 మీటర్లు దాటిన కట్టడాలకు మామూలుగా ఇలాంటి జాయింటు ఉండాలని ఐ.ఎస్. 456 కోడ్ (2000) చెబుతుంది.

సందు మూయాలి, కానీ సాగే పదార్థంతో. పాత సిమెంటు, దుమ్ము, నూనె తీసి, అంచులు పూర్తిగా ఆరనివ్వాలి. సందుకంటే కొంచెం లావైన ఫోమ్ తాడును లోపలికి నొక్కి, దానిపైన పాలీసల్ఫైడ్ వంటి సీలెంటు నింపాలి. సందు వెడల్పు 25 మిల్లీమీటర్లయితే సీలెంటు లోతు అందులో సగం చాలు. మందంగా వేస్తే బలమనుకుంటాం గానీ, సన్నటి రబ్బరు బ్యాండు సాగినట్టు లావుది సాగదు. తాడు చేసే పని మరొకటుంది. సీలెంటు రెండు పక్కలకే అంటుకోవాలి. అడుగుకూ అంటుకుంటే సాగేటప్పుడు చిరుగుతుంది.

మే నెల మధ్యాహ్నం సందు ఇరుకుగా, డిసెంబరు తెల్లవారుజామున వెడల్పుగా ఉంటుంది. కనుక మధ్యస్థమైన వాతావరణంలో, తడి లేనప్పుడు ఈ పని పెట్టుకోవాలి.

డాబాపై సీలెంటు ఒక్కటే చాలదు. సందుకు ఇరువైపులా చిన్న గట్టు కట్టి, పైన రేకు మూత వేయాలి. మూతను ఒక్కవైపే బిగించాలి. గట్టిగా ఉంటుందని మేస్త్రీ రెండోవైపు కూడా స్క్రూలు వేయబోతే ఆపండి.

హాస్టలుకో షాదీఖానాకో కమిటీలో ఉన్నవారు ఏటా వానలకు ముందు ఒకసారి డాబా ఎక్కండి. సీలెంటును బొటనవేలితో నొక్కితే మెత్తగా లోనికి పోయి తిరిగి రావాలి. గట్టిపడినా, అంచు విడిపోయినా అక్కడిది కోసి తీసి కొత్తది నింపించండి, పాతదాని మీద పూత వేయించవద్దు. సందులో రావిమొక్క కనిపిస్తే వేరు లోతుకు దిగకముందే పీకేయండి.