మైత్రీ ఉద్యానము నేర్పు పాఠము

గెలిచిన రాజులు విజయస్తంభములు నిలుపుట చరిత్రలో క్రొత్త కాదు. కాని ఒకనాటి యుద్ధస్థావరమే ఇరుగుపొరుగు దేశముల చెలిమికి గురుతుగా ఉద్యానమగుట అరుదు. త్రిపుర రాష్ట్రమున, బంగ్లాదేశ్ సరిహద్దు చెంతనున్న చోత్తాఖోలాలోని భారత-బంగ్లా మైత్రీ ఉద్యానము అట్టిది. 1971లో ముక్తివాహిని యోధులు ఇచ్చటి గుట్టల నడుమ విడిది చేసిరి. 2010లో శంకుస్థాపన జరిగిన ఈ ఉద్యానము 2017 డిసెంబరు 16న ప్రారంభమైనది. షేక్ ముజీబుర్ రెహ్మాన్, ఇందిరాగాంధీల విగ్రహములు ఇందు ప్రతిష్ఠింపబడినవి.

ఆ యుద్ధమునకు మూలమేమి? 1948లో ఉర్దూ ఒక్కటియే పాకిస్తాన్ రాజభాష కాగలదని జిన్నా ఢాకాలో ప్రకటించెను. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ కొరకు నిలిచిన విద్యార్థులు తుపాకి గుండ్లకు బలియైరి. 1970 ఎన్నికలలో అవామీ లీగ్ ఆధిక్యము సాధించినను అధికారము దక్కలేదు. 1971 మార్చి 25 రాత్రి సైనికదమనము ఆరంభమైనది. ముజీబ్ బందీయై యుద్ధకాలమంతయు పాకిస్తాన్ చెరలోనే గడిపెను. ఆయన లేకున్నను ఆయన పేరు పోరాటమును నడిపినది. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయినది.

ఆనాడు దాదాపు కోటిమంది శరణార్థులు భారతదేశమునకు వచ్చిరి. పదిహేను లక్షల పైచిలుకు జనాభాగల త్రిపుర, ఇంచుమించు తనంతటి జనసంఖ్యకే ఆశ్రయమిచ్చినది. కావున ఈ చెలిమిలో ఇద్దరు నాయకులతోపాటు, ఉన్న గంజినే పంచియిచ్చిన పేరులేని గృహస్థులకును భాగము కలదు.

1975లో ముజీబ్, 1984లో ఇందిర హత్యకు గురియైరి. 2024 ఆగస్టులో బంగ్లాదేశ్‌లో పలుచోట్ల ముజీబ్ విగ్రహములు కూల్చబడినవి. పాలకులపై ఆగ్రహము రాతిని పడగొట్టగలదు. పంచుకొన్న కష్టమును జరుగలేదనిపించజాలదు. దానిని నిలుపవలసినది మనుజుల స్మృతియే.

ఉర్దూ, తెలుగు కలిసి చదువుకొను మనకు ఇందొక హెచ్చరిక కలదు. తప్పు ఉర్దూది కాదు, దానిని ఆయుధముగా చేసిన పాలకులది. ఆ కోపఫలమును బంగ్లాదేశ్‌లోని ఉర్దూ మాట్లాడు పేదలు పౌరసత్వము లేక దశాబ్దములు శిబిరములలో అనుభవించిరి. 2008లో గాని అచ్చటి హైకోర్టు వారి హక్కును గుర్తింపలేదు. మన సంచికలో ఒక లిపి కుడినుండి, మరియొకటి ఎడమనుండి నడచును. రెండును ఒకే కుట్టున ఇమిడియున్నవి. పొరుగు భాష నేర్చినవాడు పొరుగువాని బాధను ఎరుగును. మైత్రికి పునాది అదియే.