పండ్ల తొక్కల నుంచి ప్లాస్టిక్

మామిడిపండు తిని, తొక్కను పాలిథిన్ కవరులో కట్టి పారేస్తాం. తొక్క కొన్ని వారాల్లో మట్టిలో కలిసిపోతుంది. కవరు మాత్రం తరాలు మారినా అలాగే ఉంటుంది. ఆ తొక్కతోనే మట్టిలో కలిసిపోయే కవరు చేయలేమా? చేయవచ్చు. ఆ పనివాళ్లు మన కాళ్ల కింది మట్టిలోనే ఉన్నారు. అవే బాక్టీరియా.

1926లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త మారిస్ లెమ్వాన్ ఒక బాక్టీరియాలో సహజమైన పాలియెస్టర్ ఉందని తెలిపారు. దాని పేరు పాలీహైడ్రాక్సీబ్యుటిరేట్. క్లుప్తంగా పి.హెచ్.బి.

తిండి ఎక్కువైతే మన ఒంట్లో కొవ్వు చేరుతుంది కదా! బాక్టీరియాదీ అదే తీరు. చక్కెర పుష్కలంగా ఉండి నత్రజని కొరవడితే అవి సరిగా వృద్ధి చెందలేవు. అప్పుడు మిగులు చక్కెరను పి.హెచ్.బి. రేణువులుగా మార్చి దాచుకుంటాయి. కుప్రియావిడస్ నెకేటర్ అనే బాక్టీరియా తన పొడి బరువులో 80 శాతం దాకా ఇలా నిల్వ చేయగలదు.

తయారీ విధానం ఇది:

1. తొక్కలను ఎండబెట్టి పొడి చేస్తారు.
2. పలుచని ఆమ్లంతో గానీ ఎంజైములతో గానీ పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తారు.
3. ఆ ద్రవాన్ని వేడిచేసి ఇతర సూక్ష్మజీవులను చంపి, ఎంచుకున్న బాక్టీరియాను పెంచుతారు.
4. కణాలను వేరుచేసి, పగలగొట్టి, పి.హెచ్.బి.ని బయటకు తీస్తారు.

ఇది దాదాపు 175 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది కనుక అచ్చుల్లో పోయవచ్చు. వాడి పారేశాక మట్టిలోని సూక్ష్మజీవులే దీన్ని తినేస్తాయి.

మరి ఇది బజారులో ఎందుకు విరివిగా దొరకదు? ఖరీదు ఎక్కువ. కిలో పి.హెచ్.బి.కి సుమారు మూడు కిలోల చక్కెర కావాలి. మనిషి తినే చక్కెరను సంచుల కోసం ఖర్చు చేయడం న్యాయమా? పండ్ల వ్యర్థాల విలువ ఇక్కడే తెలుస్తుంది. చిత్తూరు ప్రాంతంలోని మామిడి గుజ్జు పరిశ్రమల్లో ఏటా తొక్కలు, టెంకలు గుట్టలుగా మిగులుతాయి. ఎవరి కంచంలోని తిండినీ లాక్కోని ముడిసరుకు అది.

చిక్కులూ ఉన్నాయి. పి.హెచ్.బి. పెళుసుగా ఉంటుంది. తొక్కలు త్వరగా కుళ్లిపోతాయి. మామిడి ఏడాది పొడవునా దొరకదు. వీటికి పరిష్కారం వెతికేవారు రేపు మన తరగతుల నుంచే రావచ్చు.

అంతవరకూ మనం చేయగల పని ఒకటుంది. తడి చెత్తను, పొడి చెత్తను వేరుచేద్దాం. గాజుముక్కలు, పాలిథిన్ కలిసిన తొక్క ఎరువుకూ పనికిరాదు, బాక్టీరియాకూ పనికిరాదు. విడిగా ఉంచిన తొక్కే ముడిసరుకు.