కిటికీ సందులు

మన చోడవరము ప్రాంతమున తుపాను వచ్చినప్పుడు గాలి వాననీటిని కిటికీ సందులగుండ ఇంటిలోనికి కొట్టును. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణమువద్ద తీరము దాఁటిన హుద్‌హుద్ తుపాను గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచెను. కావున వానలకు ముందే కిటికీలను పరీక్షించుట మేలని మేము తలంచుచున్నాము.

కొయ్య తేమను పీల్చి ఉబ్బును. ఎండలో ఆఱి కుంచించుకొనును. అందుచేత చట్రమునకును రెక్కకును నడుమ సందు ఏర్పడును. గాలి వీచునప్పుడు కిటికీ మూసి, వెలుగుచున్న అగరువత్తిని రెక్క అంచులవెంబడి మెల్లగా నడిపినచో, పొగ ఎచ్చట చెదరునో అచ్చట సందున్నదని తెలియును.

మొదట బందుల మరలు బిగించి, వదులైన గడియను సరిచేయవలెను. చట్రమునకును గోడకును నడుమ నున్న సందులలో సున్నపు అడుసు కూరవలెను. అద్దము చుట్టు సుద్దపొడియు అవిసెనూనెయు కలిపిన లప్పము పెట్టవలెను. రెక్క వచ్చి తాఁకుచోట పాత సైకిలు ట్యూబును సన్నని పట్టీలుగా కోసి చిన్న మేకులతో కొట్టిన చాలును.

ఒక్క హెచ్చరిక. సందులన్నియు మూసిన గదిలో, ముఖ్యముగా బాలింతలు పరుండు గదిలో, కుంపటి ఉంచరాదు. బొగ్గులనుండి పుట్టు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది నిదురలోనే ప్రాణము తీయును. విద్యార్థులారా, ఈ సంగతి మీ యింటివారికి తప్పక తెలుపుఁడు.