దివ్యాంగుల హక్కులు: అడ్మిషన్ నుంచి ఉద్యోగం దాకా

దివ్యాంగుల చదువుకూ, ఉద్యోగానికీ మన దేశంలో ప్రధానమైన అండ 2016లో పార్లమెంటు ఆమోదించిన దివ్యాంగుల హక్కుల చట్టం. దివ్యాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారత్ 2007 అక్టోబరులో ధ్రువీకరించింది. ఆ మాట నిలబెట్టుకునేందుకే 1995 నాటి పాత చట్టం స్థానంలో ఈ కొత్త చట్టం వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి ఇది అమల్లో ఉంది. పాత చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించగా, ఇది 21 రకాలను గుర్తించింది. అంధత్వం, బధిరత్వం, అవయవ లోపాలతో పాటు ఆటిజం, డిస్‌లెక్సియా వంటి అభ్యసన లోపాలు, మానసిక అనారోగ్యం, కండరాల క్షీణత, తలసీమియా, హీమోఫీలియా, గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ వ్యాధి, యాసిడ్ దాడి గాయాలు కూడా ఇప్పుడు దీని పరిధిలో ఉన్నాయి.

ఈ చట్టం ఇచ్చే హక్కులు రెండు రకాలు. మొదటి రకం హక్కులకు వైకల్యం ఎంత శాతమన్నది అడ్డు కాదు. వివక్షకు గురికాకుండా ఉండటం, చదువులోనూ పనిలోనూ తగిన వెసులుబాటు పొందడం ఈ కోవలోకి వస్తాయి. రెండో రకం హక్కులు వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్లు వైద్యులు ధ్రువీకరించినవారికి దక్కుతాయి. దీన్నే బెంచ్‌మార్క్ వైకల్యం అంటారు. రిజర్వేషన్లు వర్తించేది వీరికే. శాతం 40కి తగ్గిందని సర్టిఫికెట్‌ను పక్కన పడేసినవారు మొదటి రకం హక్కులను వదులుకుంటున్నారు. 40 దాటినవారిలోనూ చాలామందికి పీహెచ్ (దివ్యాంగుల) కోటా తప్ప మిగిలిన హక్కులు తెలియవు. ఏ దశలో ఏది అడగాలో ముందే తెలిసి ఉంటే ఈ నష్టం తప్పుతుంది.

సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు

దేనికి దరఖాస్తు చేయాలన్నా మొదట కావలసింది వైకల్య ధ్రువపత్రం. తెలుగు రాష్ట్రాల్లో దీన్ని అందరూ సదరం సర్టిఫికెట్ అనే పిలుస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సదరం విధానంలో ముందుగా స్లాట్ తీసుకుని, ప్రభుత్వాసుపత్రిలో జరిగే శిబిరానికి వెళితే డాక్టర్లు పరీక్షించి శాతం నిర్ధారిస్తారు. దేశమంతటా చెల్లేది యూడీఐడీ కార్డు. దీనికి కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. 40 శాతం కంటే తక్కువ వైకల్యం ఉంటే తెల్ల కార్డు, 40 నుంచి 80 లోపు ఉంటే పసుపు కార్డు, 80 శాతం, ఆపైన ఉంటే నీలం కార్డు ఇస్తారు.

పదో తరగతిలో ఉండగానే ఈ పని పూర్తి చేసుకోవడం మంచిది. ఆధార్‌లోనూ, మార్కుల మెమోలోనూ, సర్టిఫికెట్‌లోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి. తాత్కాలిక సర్టిఫికెట్ అయితే దాని గడువు కౌన్సెలింగ్ నాటికి ముగిసిపోకుండా జాగ్రత్తపడాలి. డాక్టర్లు వేసిన శాతం సరికాదనిపిస్తే అప్పీలు చేసుకునే అవకాశాన్ని చట్టమే కల్పించింది. వైకల్యం లేకుండానే మోసంతో ఈ ప్రయోజనాలు పొందినా, పొందబోయినా 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు.

చదువులో

బెంచ్‌మార్క్ వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వయసు వరకు ఇంటికి దగ్గరలోని బడిలో లేదా వారు కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో ఉచిత విద్య హక్కుగా దక్కుతుంది. ఆ పైన ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలన్నిటిలో కనీసం 5 శాతం సీట్లు వీరికి కేటాయించాలి. ప్రవేశానికి గరిష్ఠ వయోపరిమితిలో 5 ఏళ్ల సడలింపు కూడా ఇవ్వాలి.

సీటు రాగానే బాధ్యత తీరిపోయిందని కాలేజీలు అనుకోవడానికి వీల్లేదు. తరగతి గది, లైబ్రరీ, హాస్టల్, మరుగుదొడ్డి చేరుకోవడానికి వీలుగా ఉండాలి. అవసరాన్ని బట్టి బ్రెయిలీ పుస్తకాలు, ఆడియో పాఠాలు, సంకేత భాష సాయం అందాలి. భవనాలు, రవాణా, వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండేలా చూడటం ఐచ్ఛికం కాదనీ, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలనీ సుప్రీంకోర్టు 2024 నవంబరులో కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో క్షేత్రస్థాయి పరిస్థితిపై కోర్టుకు నివేదిక ఇచ్చింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రం.

కోర్సు ఎంపికలో 'ఇది నీవల్ల కాదు' అన్న మాటకు తలవంచనక్కర్లేదు. మచిలీపట్నం ప్రాంతానికి చెందిన అంధ విద్యార్థి శ్రీకాంత్ బొల్లా పదో తరగతి తర్వాత సైన్స్ చదవడానికి అనుమతి దొరక్కపోతే కోర్టుకు వెళ్లి సాధించుకున్నారు. అమెరికాలోని ఎంఐటీలో చదివి, తిరిగొచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. వైద్య విద్యలోనూ మార్పు వచ్చింది. నిర్ణీత శాతం వైకల్యం ఉన్నంత మాత్రాన ఎంబీబీఎస్‌కు అనర్హులని చెప్పకూడదనీ, ఆ విద్యార్థి కోర్సు పూర్తి చేయగలరా లేదా అన్నది వైకల్య నిర్ధారణ బోర్డు విడిగా పరిశీలించి, కారణాలతో చెప్పాలనీ సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో తీర్పునిచ్చింది. బోర్డు కారణాలు రాయకుండా అనర్హత పత్రం ఇస్తే ఆ తీర్పు ఆధారంగా ప్రశ్నించవచ్చు.

పరీక్ష హాల్లో

సొంతంగా రాయలేని అభ్యర్థులకు స్క్రైబ్ (బదులుగా రాసే సహాయకుడు), అదనపు సమయం ఇవ్వాలన్నది స్థిరపడిన నియమం. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. అంటే 3 గంటల పరీక్షకు మరో గంట దక్కుతుంది. స్క్రైబ్ అవసరం లేకుండా నెమ్మదిగా రాసేవారు కూడా ఈ సమయాన్ని కోరవచ్చు.

40 శాతం లేనివారికి కూడా దారి తెరిచింది 2021 ఫిబ్రవరి నాటి సుప్రీంకోర్టు తీర్పు. చేతి కండరాలు పట్టేసి రాయలేని సివిల్స్ అభ్యర్థికి బెంచ్‌మార్క్ వైకల్యం లేదని యూపీఎస్సీ స్క్రైబ్‌ను నిరాకరించింది. రిజర్వేషన్ వేరు, వెసులుబాటు వేరు అని కోర్టు తేల్చి, ఆ అభ్యర్థి పక్షాన నిలిచింది. దాని ఫలితంగా 40 శాతం లోపు వైకల్యంతో రాయడానికి ఇబ్బందిపడేవారి కోసం కేంద్రం 2022 ఆగస్టులో విడిగా మార్గదర్శకాలు విడుదల చేసింది. రాయడంలో ఇబ్బంది ఉందని ప్రభుత్వ వైద్యాధికారి ఇచ్చే పత్రం వీరికి కీలకం.

స్క్రైబ్ కావాలని ఆన్‌లైన్ దరఖాస్తులోనే టిక్ చేయాలి. అప్పుడు వదిలేసి పరీక్ష రోజున అడిగితే చాలాచోట్ల ఒప్పుకోరు. స్క్రైబ్‌ను పరీక్ష నిర్వహించే సంస్థ ఇస్తుందా, అభ్యర్థి తెచ్చుకోవాలా, ఆ వ్యక్తి చదువు ఎంతవరకు ఉండాలి అన్న షరతులు ఒక్కో నోటిఫికేషన్‌లో ఒక్కోలా ఉంటాయి. ప్రతిసారీ వాటిని కొత్తగా చదువుకోవాలి.

ప్రభుత్వ ఉద్యోగాల్లో

కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, ప్రభుత్వ రంగ సంస్థలు ప్రతి కేడర్‌లో కనీసం 4 శాతం ఖాళీలు బెంచ్‌మార్క్ వైకల్యం ఉన్నవారికి కేటాయించాలి. ఈ 4 శాతం నాలుగు వర్గాలకు ఒక్కో శాతం చొప్పున వెళుతుంది:

- అంధత్వం, తక్కువ చూపు
- బధిరత్వం, వినికిడి లోపం
- సెరిబ్రల్ పాల్సీ, కుష్ఠు నయమైనవారు, మరుగుజ్జుతనం, యాసిడ్ దాడి బాధితులు, కండరాల క్షీణతతో సహా అవయవ వైకల్యం
- ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన లోపం, మానసిక అనారోగ్యం, పై వర్గాల్లో ఒకటికి మించి ఉన్న బహుళ వైకల్యం

తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి ఈ జాబితాలో లేవని గమనించాలి. 40 శాతం దాటితే కాలేజీ సీట్లలో 5 శాతం కోటా వీరికీ ఉంది కానీ, ఉద్యోగాల్లోని 4 శాతం కోటా వర్తించదు. ఈ తేడా తెలియక ఉద్యోగ దరఖాస్తులో పీహెచ్ కోటా కింద పేరు నమోదు చేసి, సర్టిఫికెట్ల పరిశీలన దాకా వెళ్లి ఆగిపోకూడదు.

ఇది సమాంతర రిజర్వేషన్. అంటే ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ అన్న కులాల కోటాల గుండా అడ్డంగా సాగుతుంది. కోటాలో ఎంపికైన బీసీ అభ్యర్థిని బీసీ రోస్టర్‌లోనే చూపుతారు. కేంద్ర ఉద్యోగాల్లో ఎలాంటి సడలింపూ వాడుకోకుండా మెరిట్‌తో నెగ్గిన దివ్యాంగుల్ని కోటాలో లెక్కించరు. ఆ కోటా మరొకరికి మిగులుతుంది. తగిన అభ్యర్థి దొరక్క నిండని ఖాళీని మరుసటి నియామక సంవత్సరానికి జరపాలి. అప్పుడూ నిండకపోతే ముందు ఈ నాలుగు వర్గాల మధ్య మార్చుకోవచ్చు. ఏ వర్గంలోనూ అర్హులు లేరని తేలాకే ఇతరులతో నింపాలి. బ్యాక్‌లాగ్ పోస్టుల నోటిఫికేషన్లు వెలువడేది ఇందుకే.

నేరుగా జరిగే కేంద్ర నియామకాల్లో వయోపరిమితి సడలింపు సాధారణంగా జనరల్ అభ్యర్థులకు 10, ఓబీసీలకు 13, ఎస్సీ, ఎస్టీలకు 15 ఏళ్లు. యూపీఎస్సీ, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలకు ఫీజు ఉండదు. సివిల్స్‌కు జనరల్, ఓబీసీ అభ్యర్థులైన దివ్యాంగులకు 9 ప్రయత్నాలు ఉంటాయి; ఎస్సీ, ఎస్టీలకు పరిమితి లేదు. రాష్ట్ర నియామకాల్లో సడలింపులను ఆయా నోటిఫికేషన్లలో సరిచూసుకోవాలి.

ఏ పోస్టు ఏ వైకల్యం ఉన్నవారికి కేటాయించారో తెలిపే సంకేతాక్షరాలు నోటిఫికేషన్‌లో ఉంటాయి. ఓఏ అంటే ఒక చేయి, ఓఎల్ అంటే ఒక కాలు, బీఎల్ అంటే రెండు కాళ్లు, ఎల్‌వీ అంటే తక్కువ చూపు, హెచ్‌హెచ్ అంటే వినికిడి లోపం. పక్కనే ఆ పనికి కూర్చోవడం, నిలబడటం, నడవడం, చదివి రాయడం వంటి వాటిలో ఏవి అవసరమో కూడా సూచిస్తారు. దరఖాస్తుకు ముందు ఈ పట్టికను సర్టిఫికెట్‌తో పోల్చి చూసుకోవాలి. పట్టికలే సరిగా లేవని సవాలు చేసి గెలిచిన సందర్భాలూ ఉన్నాయి. చూపు లేదన్న ఒక్క కారణంతో ఎవరినీ న్యాయాధికారుల నియామకాలకు దూరం పెట్టకూడదని సుప్రీంకోర్టు 2025 మార్చిలో తీర్పు చెప్పింది.

ప్రైవేటు సంస్థల్లో

ప్రైవేటు రంగంలో కోటా లేదు. సిబ్బందిలో కనీసం 5 శాతం దివ్యాంగులు ఉండేలా ప్రైవేటు యజమానులకు ప్రోత్సాహకాలు ఇవ్వాలని మాత్రమే చట్టం ప్రభుత్వాలకు సూచించింది. అయితే ప్రతి సంస్థ సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. 20 మంది, ఆపైన పనిచేసే ప్రైవేటు సంస్థ ఏయే పోస్టులు దివ్యాంగులకు అనువైనవో, ఎలా ఎంపిక చేస్తుందో, ఎలాంటి శిక్షణ, పరికరాలు, సౌకర్యాలు ఇస్తుందో అందులో రాయాలి. ఈ వ్యవహారాలు చూసే లైజన్ అధికారిని నియమించాలి. దరఖాస్తు చేసే ముందు కంపెనీ వెబ్‌సైట్‌లో ఈ విధానాన్ని వెతికి చదివితే అక్కడి వాతావరణం కొంత అర్థమవుతుంది.

తగిన వెసులుబాటు అంటే సంస్థపై మోయలేని భారం వేయకుండా పనికి వీలు కల్పించే మార్పు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, ఎత్తు సరిచేసిన బల్ల, కింది అంతస్తులో సీటు, ఇంటర్వ్యూలో సంకేత భాష అనువాదకుడు దీనికి ఉదాహరణలు. ఇంటర్వ్యూ పిలుపు రాగానే ఏం కావాలో రెండు మూడు వాక్యాల్లో ఈమెయిల్‌లో అడగాలి. రాతలో ఉన్న అభ్యర్థనకే తర్వాత విలువ ఉంటుంది.

ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే

సర్వీసులో ఉండగా వైకల్యానికి గురైన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే వేతన స్కేలుతో మరో పోస్టుకు మార్చాలి. అదీ లేకపోతే తగిన పోస్టు దొరికేదాకా, లేదా రిటైరయ్యేదాకా అదనపు పోస్టు సృష్టించి కొనసాగించాలి. వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో పదోన్నతి ఆపకూడదు. వర్ణాంధత్వం ఉందని ఇంటికి పంపిన ఆర్టీసీ డ్రైవర్‌కు అదే వేతన గ్రేడులో వేరే పని ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. ప్రత్యామ్నాయ పని ఉందేమో వెతక్కుండానే పంపేయడాన్ని కోర్టు తప్పుపట్టింది.

స్కాలర్‌షిప్, శిక్షణ, రుణం

జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ ద్వారా 9, 10 తరగతులకు ప్రీ మెట్రిక్, ఇంటర్ నుంచి పీజీ వరకు పోస్ట్ మెట్రిక్, పేరున్న విద్యాసంస్థల్లో చదివేవారికి టాప్ క్లాస్ స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. విదేశీ చదువుకూ, పరిశోధనకూ వేరే పథకాలు ఉన్నాయి. దివ్యాంగుల కోసం కేంద్ర కార్మిక శాఖ నడిపే జాతీయ కెరీర్ సర్వీస్ కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్‌లో ఉంది. అక్కడ సామర్థ్య పరీక్ష, వృత్తి శిక్షణ, ఉద్యోగ సమాచారం లభిస్తాయి. మేధో వైకల్యం ఉన్నవారికి సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ శిక్షణ, మార్గదర్శనం అందిస్తుంది. సొంత వ్యాపారం పెట్టుకునేవారికి జాతీయ దివ్యాంగుల ఆర్థికాభివృద్ధి సంస్థ ద్వారా రాయితీ వడ్డీ రుణాలు దొరుకుతాయి.

హక్కు దక్కకపోతే

ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ దివ్యాంగుల ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి. ఫిర్యాదు నమోదైన 2 వారాల్లో విచారణ జరపాలి. న్యాయం జరగకపోతే జిల్లా స్థాయి కమిటీకి, ఆపైన రాష్ట్ర కమిషనర్‌కు వెళ్లవచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థలపై ఢిల్లీలోని చీఫ్ కమిషనర్‌కు ఫిర్యాదు చేయాలి. సాక్షుల్ని పిలిపించడంలో, పత్రాలు తెప్పించుకోవడంలో కమిషనర్లకు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. వారి సిఫార్సుపై సంస్థ 3 నెలల్లో చర్య తీసుకుని తెలియజేయాలి. అంగీకరించకపోతే కారణం చెప్పాలి.

చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడుతుంది. నలుగురిలో కావాలని అవమానించడం, దాడి చేయడం వంటి నేరాలకు 6 నెలల నుంచి 5 ఏళ్ల వరకు జైలుశిక్ష ఉంది. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేదని వెనక్కి తగ్గాల్సిన పని లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే చాలు. సర్టిఫికెట్, దరఖాస్తు, హాల్‌టికెట్, తిరస్కరణ లేఖ, రాసిన ఈమెయిళ్ల ప్రతులు వెంట ఉంటే ఫిర్యాదు బలంగా నిలుస్తుంది. అందుకే అడిగే ప్రతిదీ రాతలో అడగడం, వచ్చే ప్రతి జవాబునూ దాచుకోవడం విద్యార్థి దశలోనే అలవాటు చేసుకోవాలి.