నీలకంఠ రొయ్య – పంచాయతీ చెరువు

గౌతమీ, వసిష్ఠా పాయలలో దొరకు నీలకంఠ రొయ్య మంచినీట పెరుగును. కాని దాని పిల్లలు మంచినీట బ్రతుకజాలవు. తల్లి గ్రుడ్లను పొట్టక్రింద మోసికొని నదీముఖమునకు దిగును. పిల్లలు కొంచెము ఉప్పనైన నీటిలో పదునొకండు దశలు గడచి, పిమ్మట ఏటికి ఎదురీది పైకి వచ్చును. ఈ సంగతిని 1960 దశకారంభమున మలయాలో షావో-వెన్ లింగ్ అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. కావున మన చెరువులో రొయ్య తనంతట తాను సంతానమును వృద్ధిచేయదు; ప్రతి పంటకును పిల్లలను తెచ్చి వదలవలెను. 2000 తరువాత మన రాష్ట్రమున తెల్లతోక తెగులు వలన పిల్లలు విస్తారముగా చచ్చెను. అందుచే పరీక్షించిన పిల్లలనే కొనుట క్షేమము.

మేత: రొయ్య రాత్రి తిరుగాడు జీవి. తవుడు, వేరుసెనగ చెక్క, ఎండుచేపల పొడి కలిపి ఉడికించి, ముద్దలుగా చేసి, ప్రొద్దుగూకువేళ పళ్లెములలో నుంచవలెను. తెల్లవారి మేత మిగిలినచో మరునాడు తగ్గింపవలెను. మిగిలిన మేత క్రుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరించును. వేకువను రొయ్యలు గట్టుచేరుట దీనికి గుర్తు. వెంటనే క్రొత్తనీరు పెట్టవలెను.

రక్షణ: కుబుసము విడిచిన రొయ్య మెత్తగానుండును, తోటి రొయ్యలే దానిని తినును. దాగుటకు కొబ్బరిమట్టలు, పెంకులు, గొట్టపు ముక్కలు వేయవలెను.

పంచాయతీ సభ్యులకు మా మనవి: త్రాగునీటి చెరువును ఈ పనికి ఇయ్యరాదు. ఇతర చెరువుల పాటలో, పొలముల పురుగుమందు నీరు చెరువులో చేరనీయరాదను షరతును వ్రాయింపుడు. పాయలలో గ్రుడ్ల తల్లి వలకు చిక్కినచో తిరిగి నీట విడువుమని జాలరులకు నచ్చజెప్పుడు. తల్లి నిలిచిననే ఏటిలో రొయ్య నిలుచును.