బట్టలుతికే పాత మిషను

కొత్తపట్నం ఒంగోలుకు తూర్పున ఉంది. సముద్రం ఒడ్డు ఊరు. ఆ ఊళ్లో ఒక ఇల్లు అనుకుందాం. ఇంట్లో అత్త, కోడలు, కొడుకు ఉంటారు. పెరట్లో రేకుల పందిరి కింద బట్టలుతికే మిషను ఉంది. పై మూత తీసి బట్టలు వేసే రకం. ఇరవై ఐదేళ్ల నాటిది.

ఒకరోజు మిషను ఆగిపోయింది. గుయ్‌మని మోత వస్తోంది. చక్రం తిరగడం లేదు.

"పాత సామాన్లవాడికి వేసేద్దాం" అన్నాడు కొడుకు.

"వద్దురా! ఇది రాకముందు నా నడుం ఎట్టా విరిగేదో నీకేం తెలుసు?" అంది అత్త.

అత్త మాట నిజం. బట్టలు నానబెట్టాలి. బండకేసి బాదాలి. జాడించాలి. పిండాలి. మిరపకోతకు పోయొచ్చిన చీరలు ఉతికితే చేతులు భగ్గుమంటాయి. ఈ చాకిరీ అంతా ఇన్నేళ్లు మిషను చేసింది.

మిషను ఎట్లా పని చేస్తుంది?

దీనికి రెండు తొట్లు. ఒకటి ఉతికే తొట్టి. రెండోది పిండే తొట్టి.

ఉతికే తొట్టి అడుగున పళ్లెం లాంటి చక్రం ఉంటుంది. కింద మోటారు ఉంటుంది. మోటారు చక్రాన్ని రబ్బరు బెల్టుతో తిప్పుతుంది. చక్రం కాసేపు ఇటు, కాసేపు అటు తిరుగుతుంది. నీళ్లు సుడి తిరుగుతాయి. మురికి వదులుతుంది.

పిండే తొట్టికి చుట్టూ చిల్లులుంటాయి. అది జోరుగా తిరుగుతుంది. తడిసిన గొడుగును గిర్రున తిప్పితే నీళ్లు చుట్టూ చిమ్ముతాయి కదా! ఇదీ అంతే.

ఈ పాత రకంలో ఇంకో మేలుంది. ఒకసారి కలిపిన సబ్బునీళ్లతో ముందు తెల్లబట్టలు, తర్వాత రంగుబట్టలు, చివర పనిబట్టలు ఉతకవచ్చు. నీళ్లు ఆదా అవుతాయి.

ఇది ఎప్పటిది?

1922లో అమెరికాలో మేట్యాగ్ కంపెనీ తొట్టి అడుగున తిరిగే రెక్కలు పెట్టింది. అప్పుడు బట్టలు పిండడానికి రెండు రబ్బరు రోకళ్ల వంటివి ఉండేవి. వాటి మధ్య బట్టను దూర్చేవారు. ఆ రకాన్ని ఆ కంపెనీ 1983 దాకా తయారు చేసింది. వాటిని బాగు చేయించి, ముచ్చటగా దాచుకునేవారు ఆ దేశంలో ఇప్పటికీ ఉన్నారు. మన దేశంలో 1980ల చివర నుంచి రెండు తొట్ల మిషన్లు ఇళ్లలోకి రాసాగాయి.

మెకానిక్కు వచ్చాడు

ఒంగోలు నుంచి మెకానిక్కు వచ్చాడు. వెనక రేకు విప్పాడు. బెల్టు సాగిపోయింది. కొత్త బెల్టు వేశాడు. చక్రం తిరిగింది!

"అన్నా, మొన్న మిషను ముట్టుకుంటే చేయి జివ్వుమంది" అంది కోడలు.

మెకానిక్కు గోడలోని ప్లగ్గు పెట్టె విప్పి చూశాడు. అందులో ఎర్తు వైరు లేదు.

"ఇది చిన్న విషయం కాదమ్మా. ప్రాణం తీసిద్ది. ముందు ఎర్తు వేయించండి. అప్పటిదాకా మిషను వాడొద్దు" అన్నాడు.

మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉన్న పిన్ను ఎర్తుది. మిషను రేకులోకి కరెంటు దిగితే, ఎర్తు వైరు దాన్ని భూమిలోకి పంపుతుంది. ఎర్తు లేకపోతే ఆ కరెంటు మన ఒంట్లోంచి పోతుంది. సముద్రం దగ్గర ఉప్పుగాలికి రేకు త్వరగా తుప్పు పడుతుంది. అక్కడ మరింత జాగ్రత్త కావాలి.

గుర్తుంచుకోండి

1. తడి చేతులతో స్విచ్చి వేయకండి.
2. ప్లగ్గు తీశాకే మిషను తుడవండి.
3. పిండే తొట్టి పూర్తిగా ఆగాకే చేయి పెట్టండి.
4. ఉతకడం అయ్యాక నీళ్లన్నీ వదిలేయండి. మూత తీసి ఆరనివ్వండి.
5. వెనక రేకు మీరు విప్పకండి. ప్లగ్గు తీసినా లోపల ఒక భాగంలో కరెంటు నిలవ ఉండవచ్చు.

మర్నాడే ఎర్తు వేయించారు. అత్త ఈమధ్యే రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. మిషను మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు. ఇన్నాళ్లూ మీటలను గుర్తు పెట్టుకుని తిప్పేది. ఇప్పుడు చీటీలు రాసి అంటించింది. "ఉతుకు". "పిండు". "నీళ్లు వదులు".

కొడుకు నవ్వాడు. "నీకు తెలిసిందే కదమ్మా! ఈ చీటీలు ఎవరికి?"

"నీకేరా! చదువొచ్చిన వాళ్లెవరైనా ఉతకొచ్చు" అంది అత్త.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో బట్టలు ఎవరు ఉతుకుతారు? ఎంతసేపు పడుతుంది?
2. మీ ఇంటి ప్లగ్గులకు ఎర్తు ఉందా? కరెంటు పని తెలిసినవారిని అడగండి.
3. మీ ఇంట్లో ఏ వస్తువుకు చీటీ అంటిస్తారు? ఏమని రాస్తారు?